తేడా రాని కొలతలు

కరీముల్లా పోయి ఏడాది కావస్తోంది. సంతాప సభలో మాట్లాడిన వాళ్లంతా అతని గురించి ఒకే మాట అన్నారు. నెమ్మదైన మనిషి, దేనికీ తొణకడు అని. నేనూ అదే అన్నాను. ఇంటికి వచ్చాక, అందరి మాటా అంత అచ్చంగా కలిసిపోవడం నాకు నచ్చలేదు. కొలతలు అచ్చంగా కలిసినప్పుడు అనుమానించాలని నా ఉద్యోగం నేర్పింది. ఆ సంగతి మేమిద్దరం కలిసి నేర్చుకున్న రోజు గురించి, విద్యుత్ కంట్రోల్ రూముల్లోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం రాస్తున్నాను. నాకు ప్రమోషన్లు ఎప్పుడు వచ్చాయో, ఏ ఊరికి ఎప్పుడు బదిలీ అయిందో ఇందులో ఉండవు. వాటితో మీకు పని లేదు.

మేం చేసే పని

మాది ఖమ్మం జిల్లా కల్లూరు దగ్గర ఒక పల్లె. వ్యవసాయ కుటుంబం. ఇంజనీరింగ్ చదివి కంట్రోల్ రూములో చేరినప్పుడు మా అమ్మ అడిగింది, "ఏంది బిడ్డా నీ పని? స్తంభాలెక్కుతవా?" అని. "లేదమ్మా, కూర్చొని చూస్త," అన్నాను. "ఏం చూస్తవు?" అంది. దానికి సరైన జవాబు చెప్పడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

జవాబు ఇది. లైన్లలో, సబ్‌స్టేషన్లలో కరెంటు ఎటు ఎంత పోతోందో ఎవరూ కళ్లతో చూడలేరు. అక్కడక్కడా మీటర్లు ఉంటాయి. వాటి అంకెలు కంట్రోల్ రూముకు వస్తాయి. కొన్ని ఆలస్యంగా వస్తాయి, కొన్ని తప్పుగా వస్తాయి, కొన్ని అసలు రావు. వచ్చినవాటిని ఒకదానితో ఒకటి పోల్చి, మొత్తం నెట్‌వర్క్ ఈ క్షణాన ఎలా ఉండి ఉంటుందో లెక్కగట్టే పనిని స్టేట్ ఎస్టిమేషన్ అంటాం. ఆ లెక్కకు చాలినన్ని కొలతలు ఉన్నాయా లేదా అని ముందుగా చూసుకోవడం అబ్జర్వబిలిటీ. చాలకపోతే నెట్‌వర్క్‌లో ఆ భాగం మనకు కనిపించనట్టే. తెర మీద బొమ్మ ఉంటుంది, అంకెలు కూడా ఉంటాయి, కానీ మనం చూస్తున్నది మన ఊహను.

లెక్కకు సరిగ్గా చాలినన్నే ఉంటే అది ఇంకో రకం ప్రమాదం. ఒక చోట ఒకే ఒక్క కొలత ఉందనుకోండి. అది తప్పు చెప్పినా కాదనేవాళ్లు లేరు. లెక్క దాన్ని పూర్తిగా నమ్మేస్తుంది, తేడా సున్నా అని చూపిస్తుంది. రెండో కొలత ఉంటే తప్పుందని తెలుస్తుంది. మూడోది ఉంటే తప్పు ఎవరిదో తెలుస్తుంది. పుస్తకాల్లో దీన్ని మాత్రికలతో చెబుతారు. అది చదవండి. చదివాక నేను చెప్పింది కూడా గుర్తుంచుకోండి.

నూనె మిల్లు కరెంటు

కరీముల్లా మీటర్లను, లోడు మించితే లైను ఆపేసే రిలేలను పరీక్షించే విభాగంలో ఇంజనీరు. నాకంటే చిన్నవాడు. వాళ్ల నాన్నకు ఖమ్మంలో గడియారాలు బాగుచేసే కొట్టు ఉండేది. చిన్నప్పుడు ఆ కొట్లో కూర్చునేవాడట. గోడ మీద ఇన్ని గడియారాలుంటే ఏ రెండూ ఒకే టైము చెప్పేవి కావని నవ్వుతూ చెప్పేవాడు.

మా మొదటి పరిచయం ఫోనులో. అశ్వారావుపేట దగ్గర పామాయిల్ మిల్లుకు కరెంటు తీసుకెళ్లే ఫీడరు లైను లెక్కలో కుదరడం లేదు. చుట్టూ ఉన్న మీటర్లన్నీ ఒక మాట చెబుతుంటే అదొక్కటి ఇంకో మాట చెబుతోంది. దాని అంకె ముందు మైనస్ గుర్తు పెట్టి చూస్తే అన్నీ కలిసిపోయాయి. అతనికి ఫోను చేసి చెప్పాను.

"అంటే ఏంది మేడమ్? మిల్లోళ్లు నూనెతోటి కరెంటు గూడ పిండి మనకు పంపుతున్నరా?"

"అట్లనే చూపిస్తుంది."

"మంచిగున్నది. గెలలు ఇంకో రెండు లారీలు పంపమందాం, మన కోతల బాధ తీరుతది."

మరునాడు వెళ్లి చూసి వచ్చాడు. మీటరుకు వచ్చే తీగలు తిరగేసి బిగించారు. అక్కడ అదొక్క మీటరే ఉండి ఉంటే ఆ మిల్లు ఇప్పటికీ మాకు కరెంటు పంపుతూనే ఉండేది. చుట్టూ కాదనేవి నాలుగు ఉండబట్టి బయటపడింది. ఆ ఫోను తర్వాత నేను మేడమ్ నుంచి అక్కనయ్యాను.

పెద్దసారు

అప్పటి మా పైఅధికారిని అందరం పెద్దసారు అనేవాళ్లం. కష్టపడే మనిషి. లంచం ఎరగడు. ఆయనకు ఉన్న ఒకే ఒక్క బలహీనత, తెర మీద ఎర్ర రంగు కనబడితే భరించలేకపోవడం. లైను రెండు చివర్ల కొలతలకు హద్దు దాటి తేడా వస్తే తెర మీద ఆ లైను గీత ఎర్రగా మారుతుంది. మారితే పెద్దసారు ఆ సబ్‌స్టేషన్‌కు ఫోను చేసి అక్కడ ఎవరుంటే వాళ్లను తిట్టేవారు. కొన్నాళ్లకు ఎరుపు తగ్గింది. అందరం పని బాగుపడిందనుకున్నాం.

తేడాలను తిట్టే అధికారి కింద తేడాలు కనబడవు. అవి ఉండవని కాదు, పైకి రావు. పెద్దసారు మంచివాడు కాబట్టే ఈ మాట ఇంత గట్టిగా చెబుతున్నాను. చెడ్డవాడు అయితే అతని చెడ్డతనం మీదకు నెట్టేసి మనం ఏమీ నేర్చుకోకుండా వెళ్లిపోతాం.

మీ దగ్గరెంతుంది?

అప్పట్లో భద్రాచలం వైపుకు మా పెద్ద సబ్‌స్టేషన్ నుంచి రెండు లైన్లు ఉండేవి. ఒకటి గోదావరి పక్కగా వెళ్లి, నది దగ్గరి స్విచ్‌యార్డులో దిగుతుంది. రెండోది అడవిలోంచి వెళ్లి, ఎత్తు మీది సబ్‌స్టేషన్‌లో దిగుతుంది. ఏదైనా ఒకటి ఆగితే రెండో దాని మీద పట్టణాన్ని నడపవచ్చు, లోడు హద్దులో ఉంటే.

అడవి సబ్‌స్టేషన్ నుంచి అంకెలు తెచ్చే కేబుల్‌ను రోడ్డు పనిలో తెంచేశారు. అడవిలో మళ్లీ తవ్వడానికి అనుమతి రావాలి. అది వచ్చేదాకా అక్కడి ఆపరేటరు గంటకోసారి ఫోనులో అంకె చెప్పాలి, మేం దాన్ని కంప్యూటర్లో ఎక్కించాలి. ఆ ఆపరేటర్లలో మడకం లక్ష్మయ్య ఒకడు. కోయ కుటుంబం నుంచి వచ్చి ఐటీఐ చదివి ఉద్యోగం తెచ్చుకున్నాడు. డ్యూటీ అడవిలో, ఇల్లు భద్రాచలంలో కరకట్ట లోపలి పల్లపు కాలనీలో.

ఆ కాలనీ గురించి ఒక మాట చెప్పాలి. గోదావరి పెరిగితే కరకట్ట తూములు మూసేస్తారు. నది నీళ్లు లోపలికి రావు, కానీ ఊళ్లో పడిన వాన నీళ్లు బయటికి పోవు. పెద్ద మోటార్లు పెట్టి ఆ నీళ్లను కట్ట అవతలికి తోడాలి. మోటార్లు ఆగితే ముందు మునిగేది పల్లపు కాలనీ.

ఆ ఏడాది వరదలో ఒక శుక్రవారం పొద్దున తూములు మూశారు. మోటార్లు నడుస్తున్నాయి. నది పక్క స్విచ్‌యార్డులోకి నీళ్లు రాబోతున్నాయి, సాయంత్రంలోగా ఆ లైను ఆపెయ్యాలని కబురు వచ్చింది. దాని మీదున్న ముప్పై మెగావాట్లను అడవి లైను మీదకు మార్చాలి. అడవి లైను తట్టుకోగలిగేది ఎనభై. తెర మీద అది మోస్తున్నది నలభై ఐదు. అవతలి చివర లక్ష్మయ్య చెప్పింది నలభై నాలుగు. గీత పచ్చగా ఉంది. నలభై ఐదుకు ముప్పై కలిపితే డెబ్బై ఐదు. ఏ చిక్కూ లేదు. పెద్దసారు సరేనన్నారు.

నేను ఆ రెండు అంకెలనూ చూస్తూ కూర్చున్నాను. పొద్దున ఈ చివర ముప్పై ఉన్నప్పుడు ఆ చివర ఇరవై తొమ్మిది. ఇప్పుడు నలభై ఐదుకు నలభై నాలుగు. కరెంటు దారిలో కొంత వేడిగా పోతుంది. లోడు ఒకటిన్నర రెట్లయితే ఆ నష్టం రెట్టింపు దాటాలి. ఇక్కడ తేడా పొద్దుటి నుంచి ఒక్కటే. నిన్నా ఒక్కటే. మొన్నా ఒక్కటే.

అడవి సబ్‌స్టేషన్‌కు ఫోను చేశాను.

"లక్ష్మయ్యా, ఇప్పుడెంతుంది చెప్పు."

"మీ దగ్గరెంతుంది మేడమ్?"

"నా సంగతి సరే, నీ దగ్గర?"

"మీరు చెప్తనే గద మేడమ్ నేను చెప్పేది. మీదాంట్ల ఒకటి తగ్గించి చెప్తం మేడమ్. దారిల పోయేది పోను," అన్నాడు.

"మీటరు చూడరా?"

"మొదట్ల చూసి చెప్పినం. కలుస్తలేదని పెద్దసారు తిట్టిండు. మీ గదిల సార్లే చెప్పిండ్రు, మా అంకె అడిగి చెప్పుండ్రి, గొడవ ఉండదని. అప్పటిసంది గట్లనే నడుస్తుంది."

అతను చెప్పింది నిజం. మా గదిలో డ్యూటీలో ఎవరుంటే వాళ్లం, అడగ్గానే అంకె చెప్పేసేవాళ్లం. అందులో చెడ్డ ఉద్దేశం ఎవరికీ లేదు. అవతల మనిషికి తిట్లు తప్పిద్దామనే. కానీ దాని ఫలితం ఇది: మా దగ్గర రెండు కొలతలున్నాయని కంప్యూటరు అనుకుంటోంది. ఉన్నది ఒకటి, దాని నీడ ఒకటి.

"లక్ష్మయ్యా, లేచి పోయి మీటరు చూసిరా. నా అంకె చెప్పను."

వెళ్లి వచ్చాడు. "యాభై ఎనిమిది మేడమ్. రెండుసార్లు చూసిన. యాభై ఎనిమిదే. మేడమ్, మా ఇంటోళ్లు, పిల్లలు గాడనే ఉన్నరు, కట్ట పక్కన. మోటార్లు ఆగవు గద?"

ఫోను పెట్టకుండానే రెండు అంకెలూ పక్కపక్కన రాసుకున్నాను. ఈ చివర నలభై ఐదు బయలుదేరితే ఆ చివర యాభై ఎనిమిది చేరదు. రెండింట్లో ఒక మీటరు తప్పు. లక్ష్మయ్యది తప్పయితే లోడు మార్చవచ్చు. మాది తప్పయితే లైను మీద ఇప్పటికే అరవై దాకా ఉంది. ముప్పై కలిపిన క్షణాన రిలే లైనును ఆపేస్తుంది. నది లైను అప్పటికే ఆగి ఉంటుంది. మోటార్లకు ఇంకో దారి లేదు.

మూడో కొలత

కరీముల్లాకు ఫోను చేశాను. నమాజుకు బయలుదేరుతున్నానన్నాడు.

"పోయొచ్చి చూస్తే అయితదా అక్కా?"

"కాదు."

"సరే. అల్లాకు నాకంటె ఓపికెక్కువ. మీకు లేదు." కాలనీ, మోటార్ల సంగతి చెప్పాను. ఏం చూడాలో అడిగాడు. నేను రెండు అంకెలు చెప్పబోతే ఆపేశాడు. "చెప్పకండి. చెప్తే నా కన్ను అటే పోతది. నేను చూసి చెప్త, తర్వాత మీరు చెప్పుండ్రి."

జీపు వేసుకొని పెద్ద సబ్‌స్టేషన్‌కు వెళ్లాడు. వాన పడుతోంది. ఈలోగా నేను పెద్దసారు గదికి వెళ్లాను.

"తెర పచ్చగా ఉంది కదమ్మా," అన్నారు.

"రెండో చివర మనమే రాసుకుంటున్నాం సార్. అందుకే పచ్చగా ఉంది."

ఆయనకు అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక కోపం వచ్చింది. లక్ష్మయ్య మీద వచ్చిందనుకున్నాను. "నేను తిడతానని భయపడి అంకెలు చెప్పుకుంటున్నారా?" అన్నారు. ఆ ప్రశ్న నన్ను అడిగినట్టు లేదు.

కరీముల్లా ఫోను వచ్చింది. లౌడ్‌స్పీకరు పెట్టాను.

"అక్కా, మీ మీటరే తప్పు. ఈ లైనుకు సీటీలు ఆమధ్య మార్చిండ్రు. సీటీ మీద నాలుగు వందలని ఉంది. మీటర్ల ఇంకా మూడు వందలనే పెట్టి ఉంది. తీగ చుట్టూ పట్టే టాంగ్ టెస్టర్‌తోటి చూసిన. అరవై పోతున్నది."

కొత్తవాళ్ల కోసం ఆ మాటను విడమరుస్తాను. లైనులో కరెంటు ఎక్కువ కాబట్టి, సీటీ అనే పరికరం దాన్ని కొన్ని వందల వంతుల్లో ఒక వంతుకు తగ్గించి మీటరుకు ఇస్తుంది. మీటరు మళ్లీ అన్ని వందలతో హెచ్చించి చూపాలి. సీటీ మార్చిన వాళ్లు రిలే సెట్టింగు మార్చారు, మీటరుది మరిచారు. నాలుగు పాళ్లు పోతుంటే మూడు పాళ్లే కనబడుతోంది. తగ్గిన ఆ నాలుగో పాలును, అదే సబ్‌స్టేషన్‌లో మీటరు చెడిపోయి ఉన్న పక్క ఫీడరు వాడుకుంటోందని కంప్యూటరు లెక్క తనకు తానే సర్దిచెప్పుకుంది.

"గట్టిగా చెప్తున్నావా కరీముల్లా?" అన్నారు పెద్దసారు.

"అవ్ సార్. నా మాట మీద కోతలు పెట్టుండ్రి." అతని గొంతు ఎప్పటిలాగే ఉంది, చాయ్ చెప్పినంత మామూలుగా.

పెద్దసారు నావైపు చూశారు. "ఏవి కోయాలో నువ్వు చెప్పమ్మా. తిట్లు నేను తింటాను."

లోడు మార్చక ముందే పర్ణశాల వైపు ఊళ్లకు, లాడ్జీల వీధులకు, పట్టణంలో ఎత్తు మీదున్న కాలనీలకు సరఫరా ఆపించాం. మోటార్ల ఫీడరును ముట్టుకోలేదు. ఆ తర్వాత నది లైను ఆపి లోడు మార్చాం. అడవి లైను మీద డెబ్బై పైన నిలిచింది. ఫోన్లు మొదలయ్యాయి. ఒక లాడ్జీ యజమాని పెద్దసారునే పట్టుకున్నాడు. "దేవుని సన్నిధిల భక్తులను చీకట్ల కూసోబెడ్తవా సారూ? పాపం తగుల్తది," అని. "నాకే తగలనియ్యి, జనరేటరు పెట్టుకో," అని పెద్దసారు ఫోను పెట్టేశారు.

మోటార్లు ఆగలేదు. పల్లపు కాలనీలో నీళ్లు గడపల దాకా వచ్చి ఆగాయి. లక్ష్మయ్య గంట గంటకూ అంకె చెబుతూనే ఉన్నాడు, మాది అడక్కుండా. ఒకసారి మాత్రం, "ఇంటికి ఫోన్ కలిసింది మేడమ్. పొయ్యి తడవలేదంట," అన్నాడు.

ఇందులో గెలుపు పెద్దగా లేదు. కోత పెట్టిన ఊళ్లలో జనం వరద తగ్గేదాకా చీకట్లో ఉన్నారు. ఒక దవాఖానాలో ఫ్రిజ్‌లోని మందులు పనికిరాకుండా పోయాయి. ఆ ఊళ్లను నేను ఎంచాను. ఏది వెలగాలో ఎంచే ఉద్యోగం ఇది. కొలత సరిగ్గా ఉంటే ఆ ఎంపిక తేలికవదు, తెలిసి ఎంచుతాం, అంతే.

తర్వాత

అప్పటి నుంచి మా గదిలో ఒక పద్ధతి వచ్చింది. ఫోనులో ముందు అవతలి వాళ్లు అంకె చెప్పాలి. మాది చెప్పకూడదు. కలవకపోతే ఎవరినీ తిట్టకూడదు. ఈ చివరి నియమం పెట్టింది పెద్దసారే. మళ్లీ తెర మీద ఎరుపు పెరిగింది. కొత్తగా వచ్చిన ఒక కుర్ర ఇంజనీరు, "ఇన్ని తప్పులున్నాయేంటి మేడమ్ మన దగ్గర?" అని అడిగాడు. "ఇప్పుడు కనిపిస్తున్నాయి," అన్నాను.

మీ కాలానికి ఉపగ్రహంతో గడియారం కలుపుకొని కొలిచే పరికరాలు వచ్చాయి. చాలా మంచివి. వాటిని కూడా ఎవరో ఒకరు బిగిస్తారు, ఎవరో ఒకరు అంకె పెడతారు. నిజంగా విడివిడిగా ఉన్న రెండు కొలతలు ఎప్పుడూ అచ్చంగా కలవవు. కొంచెం తేడా ఉంటుంది. ఆ కొంచెం తేడాయే అవి రెండూ సొంతంగా చూశాయనడానికి గుర్తు. అది లేని చోట ఎవరు ఎవర్ని చూసి చెబుతున్నారో ముందు కనుక్కోండి.

కరీముల్లా, నేను ఆ పద్ధతిని ఇంకా చాలా వాటికి వాడుకున్నాం. కొత్త అధికారి ఎలాంటివాడు, ఫలానా ట్రాన్స్‌ఫార్మరు ఈ ఎండాకాలం గట్టెక్కుతుందా, ఏదైనా సరే ఎవరి అభిప్రాయం వాళ్లు ముందు అనుకొని తర్వాత చెప్పుకునేవాళ్లం. చాలాసార్లు కలిసేవి కావు. అతను రిటైరైన కొన్నాళ్లకే గుండెపోటుతో పోయాడు. అప్పటి నుంచి నేను ఏమనుకున్నా కాదనేవాళ్లు లేరు. నా లెక్కలో తేడా సున్నా.

రహీమా చెప్పింది

ఇంతవరకూ రాశాక, పోయిన వారం ఖమ్మంలో అతని భార్య రహీమా దగ్గరికి వెళ్లాను. నేను ఏం రాశానో చెప్పలేదు. ఆ వరద శుక్రవారం గురించి నీకు గుర్తున్నది చెప్పమన్నాను.

"గుర్తుంది ఆపా. అన్నం పెట్టిన, తినకుంట పోయిండు. జీప్ ఏడిది? డ్రైవర్ రాలే. బండి మీద పోయిండు ఆ వానల. దారిల రెండుసార్లు ఆగిపోయిందంట."

"వచ్చాక?" అని అడిగాను.

"వచ్చినంక గూడ తినలే. చేతులు ఒణుకుతున్నయి. చలికేమో అనుకొని చాయ్ ఇచ్చిన. కప్పు పట్టలేకపోయిండు. చలి గాదు, భయం, అన్నడు. ఒకసారి చూసి నమ్మబుద్ధి గాలేదంట. మళ్ల మళ్ల చూసిండంట. నా అంకె తప్పయితే గా కాలనీ సంగతేంది రహీమా, అని ఒకటే మాట. రాత్రంత కూసున్నడు."

"నాతో మామూలుగానే మాట్లాడాడు," అన్నాను.

"మీకు గట్లనే చెప్తడు గద ఆపా. ఆయన గొంతు ఒణికితే మీరు కోతలు పెడ్తరా?"

ఇంటికి వచ్చి పైన రాసింది మళ్లీ చదివాను. జీపును కొట్టేసి బండి అని రాయవచ్చు. చాయ్ చెప్పినంత మామూలుగా అన్న మాట తీసేయవచ్చు. తీయలేదు. ఫోనులో నేను విన్నది అదే. ఇంట్లో ఆమె చూసింది ఇది. రెండూ కలవడం లేదు.

అలాగే ఉంచుతున్నాను.